కాలి నుంచా, నోటి నుంచా?

నర్సింహులు మడమ పక్క నుంచి తెల్లటి దారంలా వేలాడుతున్న నారిపురుగును భూదవ్వ చీపురుపుల్లకు చుడుతోంది. రోజుకు రెండు వేళ్ల వెడల్పు, అంతకు మించి లాగదు. మధ్యలో తెగితే లోపల చీముపట్టి మనిషే పోతాడు. పుల్లను కాలికి ఆనించి గుడ్డకట్టి, తన కాలి కట్టు కూడా విప్పి చూసుకుంది. ఈ ఎండాకాలం ఆమె పిక్కలోనూ ఒకటి లేచింది. ఎల్లారెడ్డి దగ్గరి ఆ ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఎవరికి నారి లేచినా, కూలికి పోయేముందు తీసేది ఆమే.

ఆ పొద్దున పట్నం నుంచి డాక్టరు వచ్చాడు. 1938 అది. ఈ పురుగు మనిషిలోకి ఎలా పోతుందన్న దాని మీద అక్కడ ఇద్దరు డాక్టర్లకు పడడం లేదట. బావిలో దిగితే కాలి నుంచి దూరుతుందని ఈయన, తాగే నీళ్లతో నోటి నుంచి పోతుందని ఇంకొకాయన. ఊళ్లు తిరిగి నిజం తేల్చమని ఈయననే పంపారు. తగాదాలో ఉన్నవాడినే తీర్పరిగా కూర్చోబెట్టారన్నమాట!

పటేలు అరుగు మీద కూర్చుని డాక్టరు భూదవ్వను పిలిపించాడు. ఆమె కింద ఎండలో నిలబడింది.

"మీరు ఎక్కడి నీళ్లు తాగుతారు?"

"మా మాలవాడకు దిగుడుబావే గద దొరా. పటేలు చేదబావి కాడికి మమ్ముల రానియ్యరు. ఒక్కటి చెప్త. గౌరవ్వ పదేండ్ల సంది మంచంలనే ఉన్నది, బావి మొకం సూడలే. కోడలు తెచ్చిన బావినీళ్లు తాగింది. ఆమెకు నారి లేసింది."

"ఆ నీళ్లతో కాళ్లు కడిగి ఉంటారు."

"మరి చాకలి రాజన్న? పొద్దంత గదే బావిల మోకాలుబంటి నిలవడి బట్టలు ఉతుకుతడు. తాగేది మాత్రం పటేలు ఇంటి నీళ్లే. ఆయనకు ఒక్కపారి గూడ లేవలే."

"బట్టలుతికే చౌడుమట్టికి అతని కాలి తోలు మందమై ఉంటుంది."

భూదవ్వకు ఒళ్లు మండింది. "నోటి నుంచి అనుకుంటే ఇద్దరి సంగతి ఒక్క మాటల తేలుతది దొరా. కాలి నుంచి అంటే మీకు మనిషికో సాకు గావట్టె!"

డాక్టరు మొహం ఎర్రబడింది, పెన్సిలును విసురుగా కాగితం మీద కొట్టాడు. ఆయనకు అర్థమైంది. అర్థం కానివాడైతే ఇంత కోపం రాదు.

పటేలు నవ్వాడు. "నోటి నుంచి అని రాస్తే మా చేదబావి గీల్లకు ఇడువాలె గదా, డాక్టరు సాబ్?"

లోపల మటన్ ఉడుకుతున్న వాసన వస్తోంది. డాక్టరు కాగితం మీద 'కాలి నుంచే' అని రాశాడు.

తరవాత పట్నం తీసుకుపోవడానికి ఒక పురుగు కావాలన్నాడు. భూదవ్వ కాలు చాపమన్నాడు. పట్టకారుతో పురుగును పట్టి లాగాడు.

"మెల్లగ దొరా! గుంజకుండ్రి, తెగుతది!"

తెగింది. సగం సీసాలోకి, సగం ఆమె కాలిలోకి. సీసాను వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు గాని, ఆ మహానుభావుడు ఆమె కాలి వంక కూడా చూడలేదు.

మధ్యాహ్నం కుంటుకుంటూనే పటేలు పొలానికి పెంట మోసింది. సాయంత్రం కూతురు హన్మవ్వ వేడినీళ్ల కాపడం పెడుతుంటే ఒకటే మాట అంది. "నోటి నుంచే బిడ్డా. ఆయనకు గూడ తెల్సు."

కాలు తొడ దాకా వాచింది. ఏడో రోజు పొద్దున ఆమె చనిపోయింది.

నెల తిరక్కముందే ఊళ్లో డప్పు మోగింది. ఒట్టికాళ్లతో ఎవరూ దిగుడుబావిలో దిగకూడదని సర్కారు హుకుం. వాడ మొత్తానికి కలిపి, వంతులవారీగా తొడుక్కోమని ఒక జత బూట్లు పంపారు. ఆ బావికి దారి పటేలు ఇంటి ముందు నుంచే. కాలికి చెప్పుతో అటు నడిచిన మాలవాడ మనిషి వీపు చీరేస్తారని ఊరందరికీ తెలుసు.

ఆడవాళ్లు ఎప్పటిలాగే ఒట్టికాళ్లతో దిగి, అవే నీళ్లు ముంచుకుని పోతున్నారు. బావి పై మెట్టు మీద ఆ బూట్ల జత, తోలు ఎండకు ముడుచుకుపోయి, అడుగున మేకులు ఒక్కటీ అరగకుండా, అలాగే ఉంది.