ఫ్లెక్సీ మీద యాదవ్వ

ఫ్లెక్సీల కొట్టు పరశురాం కంప్యూటర్ తెరను ఇటు తిప్పాడు. ఎలిశిబా చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎయిడ్స్ టీకా పరిశోధన మీద బ్యాంకాక్‌లో జరగబోయే పెద్ద సభకు ఆమె తీసుకుపోవాల్సిన పోస్టరది. మెదక్ దవాఖానాలో హెచ్.ఐ.వి. సోకినవాళ్ళకు ధైర్యం చెప్పి, మందులు మానకుండా చూసే ఉద్యోగం ఎలిశిబాది. పరశురాం మాత్రం తనకొచ్చిన పద్ధతిలోనే ఫ్లెక్సీ చేశాడు. నడిమధ్యలో చేతులు జోడించిన నిలువెత్తు ఎలిశిబా, వెనక గులాబీరంగు వెలుగు, అడుగున ‘శుభాకాంక్షలతో’ అని అయిదు ఖాళీ గుండ్రాలు. పరిశోధన ఒక మూలకు ఒదిగి కూర్చుంది.

“ఏంది పరశురాం గిది? నేనేమన్న ఎలక్షన్ల నిలబడ్డనా?”

“ఫారిన్ పోతున్నరు గదక్కా, సాదాగ ఉంటే మనకే నామోషి. గుండ్రాలల్ల ఎవల ఫోటోలు పెట్టాలె? మీ సారుదా, పాస్టరయ్యదా?”

“అన్ని తీసెయ్. నన్ను గూడ తీసెయ్. రాసిచ్చింది పెద్దక్షరాలల్ల రావాలె, అంతే.”

కంప్యూటర్ బ్యాటరీ మీద నడుస్తుంది గాని ఫ్లెక్సీ మిషనుకు కరెంటు కావాలి; అది నాలుగింటికి వస్తుంది, ఆరింటికి పోతుంది. రేపట్నుంచి తెలంగాణ బంద్. ఈ సాయంత్రం బస్సు తప్పితే హైదరాబాద్ చేరేది లేదు.

స్టూలు మీద యాదవ్వ చెంగు ముక్కుదాకా లాక్కుని కూర్చుంది. మందుల కోసం కుల్చారం నుంచి వచ్చి, తోడుగా ఇక్కడిదాకా నడిచింది. ఆమె జబ్బు సంగతి ఎలిశిబాకూ దవాఖానా డాక్టర్ కృష్ణమోహన్‌కూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఊళ్ళో వాళ్ళకు ఆమె మహిళా సంఘం యాదవ్వ.

టీకా ఎప్పుడు తయారైనా ముందు మనుషుల మీద పరీక్షించాలి. అప్పుడు మన ఆడవాళ్ళు ఏమడుగుతారన్నదే ఎలిశిబా, డాక్టరు కలిసి చేసిన పరిశోధన. నాట్లప్పుడు గట్ల మీద, బీడీలు చుట్టే అరుగుల మీద నూటనలభై మందిని కూర్చోబెట్టి మాట్లాడించింది యాదవ్వే.

“పైన ఏం రాసిండ్రో చదువు బిడ్డా,” అంది యాదవ్వ.

పరశురాం చదివాడు. “‘సూది వేసినంక మల్ల మా ఊరికొస్తరా?’ కింద, ‘ఒక మహిళ’ అని ఉంది.”

“గా మాట నాదే గదక్కా?”

“నీదే.”

“మరి ఒక మహిళ ఏంది? నాకు పేరు లేదా? పైన పేర్లెవలయి?”

“డాక్టర్ సారుది, నాది.”

“ఊర్లు తిరిగింది నేనైతిని!”

ఎలిశిబా పరశురాం వైపు ఓరగా చూసింది. యాదవ్వ చెయ్యి పట్టుకుని బయట పందిరి కిందికి తీసుకుపోయింది. అది పాత ఫ్లెక్సీతో వేసిన పందిరి. వెలిసిపోయిన ఒక మీసాల లీడరు తలకిందులుగా నవ్వుతున్నాడు.

“పేరు పడితే మందికి అనుమానమొస్తదే. తొమ్మిదేండ్లు దాచినం.”

“దసరా ఫ్లెక్సీ మీద మా మరిది మొకముంది. వాడేం చేసిండని? తాగిండు. నేను నూటనలభై మంది కాడికి తిరిగిన.”

ఎలిశిబాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. జబ్బును దాచీ దాచీ, ఆ అలవాటులో మనిషినే దాచేసింది తను.

“పేరు పక్కన రోగం రాస్తరా?” యాదవ్వ గొంతు తగ్గించింది.

“రాయం. పరిశోధన చేసినవాళ్ళ పేర్లల్ల మూడోది నీది. అంతే. కాని విను. ఇది బలవంతం కాదు. వద్దంటే ఇప్పుడే చెప్పు, నడుమల వద్దన్నా ఎవలేమనరు...”

“బలవంతం లేదన్న గీ పాట అందరికి పాడింది నేనే గదనే! రాయుమను. ఫోటో గూడ పెట్టుమను.”

ఎలిశిబా డాక్టరుకు ఫోన్ చేసింది. “మనమే ముందు అడగాల్సింది,” అన్నాడాయన.

పరశురాం సెల్‌ఫోన్ ఎత్తాడు. యాదవ్వ ఒక్క క్షణం ఆగి, చెంగు భుజం మీదికి దించింది.

“జర తెల్లగ చెయ్యాల్నా అక్కా?”

“నా రంగు నాకుండనియ్. గుండ్రం మంచిగ గియ్యి.”

నాలుగుంబావుకు కరెంటొచ్చింది. మిషను మూలుగుతూ ఫ్లెక్సీని వేలెడు వేలెడుగా కక్కింది. మూడో పేరు యాదవ్వ, కుల్చారం. పక్కన చిన్న గుండ్రంలో బిగబట్టిన నవ్వు. రంగు ఆరకముందే ముట్టబోతే పరశురాం కేకేశాడు.

ఎలిశిబా దాన్ని చుట్ట చుట్టి ఆటో ఎక్కుతుంటే యాదవ్వ కొస పట్టుకుంది.

“అక్కా, తిరిగొచ్చినంక ఇది నాకియ్యి. మేకల కొట్టం కురుస్తుంది.”

“కప్పుతవా? మొకం పైకా, లోపలికా?”

యాదవ్వ పందిరి వైపు తలెత్తి, మీసాలాయనను కాసేపు చూసింది.

“మొదలు లోపలికే కప్పుత. మేకలు చూస్తయి. తర్వాత మెల్లగ తిప్పుత తియ్యి.”