మేడమీది గదికి బొమ్మ మోసిన వైరు

నేను ఒక కేబుల్ వైరును. పైన నల్లటి తొడుగు, దాని కింద సన్నని తీగల అల్లిక, ఇంకా లోపల తెల్లని నురగలాంటి ప్లాస్టిక్కు, నడిమధ్యన సూదంత రాగి తీగ. బొమ్మా మాటా ప్రయాణం చేసేది ఆ రాగి తీగలోనే. మిగతా ఒళ్లంతా దానికి తడి తగలకుండా చేసిన ఏర్పాటు.

నేను పుట్టిన ఫ్యాక్టరీ ఏ ఊళ్లో ఉందో నాకు తెలియదు. తెలివొచ్చేసరికి అనకాపల్లిలో, కేబుల్ ఈశ్వర్రావు కొట్లో మేకుకు వేలాడుతున్నాను. ఈశ్వర్రావుకు యాభై ఏళ్లుంటాయి. ఊళ్లో సగం ఇళ్ల గోడలు ఎక్కి దిగినవాడు. ఎవరింట్లో ఎవరితో ఎవరు మాట్లాడరో అతనికి తెలుసు, ఎక్కడా అనడు. వంద మీటర్ల చుట్టలోంచి నన్ను పాతిక మీటర్లకు కోసి, రెండు కొనలకూ పిన్నులు బిగించాడు.

మొదట నన్ను ఒక కల్యాణ మండపానికి తీసుకెళ్లాడు. మగపెళ్లివారి విడిది గదిలో టీవీ ఉంది, కేబుల్ లేదు. ఆ రోజు క్రికెట్ మ్యాచి. అది చూపిస్తేగాని మండపంలోకి రానని పెళ్లికొడుకు మేనమామ భీష్మించుకు కూర్చున్నాడు. నన్ను వంటశాల మీదుగా, గుండిగల వెనకనుంచి, కిటికీలోంచి లాగారు. మ్యాచి వచ్చింది. ఆయన మాత్రం తాళి కట్టే వేళకు కూడా లేవలేదు. చివరికి మనవాళ్లు ఓడిపోయారు. ఆయన మొహం వేలాడేసుకుని బయటికి వచ్చేసరికి అక్కడ అప్పగింతలు జరుగుతున్నాయి. కళ్లలో నీళ్లు చూసి, ఎంత మెత్తని మనసో అని ఆడపెళ్లివారు మెచ్చుకున్నారు.

తర్వాత రెండేళ్లు ఒక లాడ్జిలో ఉన్నాను. అక్కడ దిగిన ప్రతివాడూ అన్ని ఛానళ్లూ ఒక చుట్టు తిప్పి, చూడదగ్గదేమీ లేదని విసుక్కుని, రెండో చుట్టు మొదలుపెట్టేవాడు. లాడ్జి కూల్చేశాక మళ్లీ ఈశ్వర్రావు మేకుకే చేరాను.

దేముడమ్మ వచ్చింది అప్పుడే. నలభై దాటిన మనిషి. కొట్టు గుమ్మంలోనే నిలబడింది.

"మేడమీద గదిలోకి టీవీ కావాల," అంది.

"మీ మేడమీదున్నది రేకుల గది కదమ్మా. టైర్లేసుకునేది."

"ఇప్పుడు మా మావ అందులోనే ఉంటన్నాడు."

ఆ సంగతి వీధి వీధంతా తెలిసినదే. ఈశ్వర్రావు తలూపాడు. "అయితే ఇంకో బాక్సు ఎట్టించుకోండి. ఎవరికి కావలసింది ఆళ్లు సూసుకుంటారు."

"వద్దు. కిందనున్న బాక్సులోంచే లాగు."

"లాగొచ్చు. కానీ అలాగైతే కింద మీరేది ఎడితే పైన అదే వస్తాది. ఆయన మార్సుకోడానికి ఉండదు."

"ఉండకపోతేనే మంచిది," అంది దేముడమ్మ.

ఆమె మావ అనేది భర్తనే. ఆ పోలినాయుడు లారీ డ్రైవరు. ఇరవై రెండేళ్లుగా అనకాపల్లి బెల్లాన్ని ఒడిశాకు చేరవేస్తున్నాడు. వాళ్లకు పిల్లలు లేరు. తల్లి పోయేనాటికి ఆరేళ్లవాడైన దేముడమ్మ తమ్ముడు యల్లాజీని వాళ్లే తెచ్చుకుని పెంచారు. పెద్దయ్యాక అతను బావ లారీలోనే రెండో డ్రైవరుగా ఎక్కాడు. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, సాలూరు దాటాక ఘాట్ రోడ్డులో లారీ అంచు దాటి లోయలోకి బోర్లాపడింది. పోలినాయుడికి భుజం విరిగింది, పక్కటెముకలు చిట్లాయి. యల్లాజీ అక్కడికక్కడే పోయాడు. అతనికి ముప్పై ఏళ్లు.

బ్రేకు పడలేదని లారీ ఓనరు అన్నాడు. కాగితాల మీద అదే రాశారు, వీధిలో అదే చెప్పుకున్నారు. పోలినాయుడు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున ఇంటి గడప తొక్కకుండా, బయటి మెట్లమీదుగా తిన్నగా పైకి వెళ్లి, టైర్ల మధ్య మడతమంచం వాల్చుకున్నాడు. దేముడమ్మ వెనక్కి పిలవలేదు.

ఈశ్వర్రావు నా ఒక కొనను ముందుగదిలో బాక్సు వెనకున్న కన్నంలో బిగించాడు. అక్కడినుంచి కిటికీ పైకి, నీళ్లగొట్టం వెంబడి గోడ మీదికి, పిట్టగోడ చుట్టూ తిప్పి, రేకుకూ గోడకూ మధ్యనున్న సందులోంచి పైగదిలోకి దింపాడు. అక్కడ టైర్ల మీద ఒక పాత డొక్కు టీవీ పెట్టాడు. పోలినాయుడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నాయుడుగారూ, బొమ్మ సరిగ్గా వస్తందేమో సూడండి."

పోలినాయుడు తల తిప్పలేదు. ఈశ్వర్రావు తానే చూసుకుని, "వస్తంది," అని తనకు తానే చెప్పుకుని మెట్లు దిగాడు.

ఆ రోజునుంచి నాకు కింద ఒక చెవి, పైన ఒక చెవి. ఆ ఇంట్లో రెండు గదుల్లోనూ ఉండేదాన్ని నేనొక్కదాన్నే. ఏ గదిలోనూ మాట వినబడేది కాదు. దేముడమ్మ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కంచం తీసుకొచ్చి గుమ్మం ముందు పెట్టి, గొళ్లెం ఒకసారి ఆడించి దిగిపోయేది. కాసేపటికి తలుపు తెరుచుకునేది. కంచం సగం ఖాళీ అయ్యో, అవకుండానో మళ్లీ గుమ్మం ముందుకు వచ్చేది. ఆమె దాన్ని తీసుకెళ్లి తోమేది. కోపం ఉన్నట్టు కనిపించేది కాదు. దుఃఖం కూడా కనిపించేది కాదు. బియ్యం ఏరేది, బట్టలు ఆరేసేది, ఎవరైనా పలకరిస్తే పలికేది. ఆమె చేతులు మాత్రమే ఆ ఇంట్లో ఉన్నాయి అనిపించేది నాకు.

పొద్దున వార్తలు పెట్టేది. పోలినాయుడు ఇంట్లో ఉన్న రోజుల్లో చూసేది అవే. ఆమెకు వాటితో పని లేదు. ముక్కాలిపీట మీద కూర్చుని, రిమోటు చేత్తో పట్టుకుని, బొటనవేలు మీట మీదే ఉంచుకునేది. ఎన్నికలు వచ్చినా, ఎండలు వచ్చినా కదిలేది కాదు. తెరమీద ఒక లారీగాని, నుజ్జయిన బస్సుగాని, రోడ్డు పక్కన మూగిన జనంగాని కనిపించాయంటే ఆ బొటనవేలు నొక్కేది. వార్తలు పోయి వంటల కార్యక్రమం వచ్చేది, లేకపోతే ఎవరో ఒకాయన అరటితోటలో తెగుళ్ల గురించి చెప్పేవాడు. కొంతసేపు ఆగి మళ్లీ వార్తలకు వచ్చేది.

పైన పోలినాయుడికి చాలా రోజులు ఇదేమీ తెలియలేదు. అతను టీవీవైపు తిరిగి పడుకునేవాడు, అంతే. ఏం వచ్చినా ఒకటే మొహం. ఒక పొద్దున వార్తల్లో "ఘాట్ రోడ్డులో" అనే మాట సగం వినబడి, వెంటనే ఒకావిడ గుత్తివంకాయకు మసాలా ఎలా కూరాలో చెప్పడం మొదలుపెట్టింది. అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. వంకాయలు వేగుతున్నంతసేపూ తెరవైపే చూశాడు. మర్నాడూ చూశాడు. నాలుగు రోజులయ్యేసరికి అతనికి అర్థమైంది. తనకు తగలకూడనిది వచ్చినప్పుడల్లా కింద ఒక చెయ్యి అడ్డం పడుతోంది. ఆ చెయ్యి ఎవరిని పోగొట్టుకుందో అతనికి తెలుసు.

ఆ రోజు అన్నం ముట్టలేదు. కంచం పెట్టినది పెట్టినట్టే కిందికి వెళ్లింది.

వైశాఖంలో ఒక గాలివాన వచ్చి నన్ను పిట్టగోడమీదినుంచి లాగి పడేసింది. పైన బొమ్మ పోయి తెరమీద చీమలు పాకాయి. పోలినాయుడు చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత తలుపు తీసుకుని, ఆసుపత్రినుంచి వచ్చాక మొదటిసారి డాబామీదికి వచ్చాడు. బాగున్న చేత్తో నన్ను చేరదీసి, పిన్ను ఊడిన చోట పళ్లతో తొడుగు చీల్చి, రాగి తీగ సరిచేసి బిగించాడు. పిట్టగోడమీద జారకుండా ఒక ఇటుక పెట్టాడు. పెరట్లో గిన్నెలు తోముతున్న దేముడమ్మ తలెత్తి చూసింది. అతనూ చూశాడు. ఆమె గిన్నె తిప్పి అడుగు తోమడం మొదలుపెట్టింది.

ఇంకో నెల గడిచింది. ఒక పొద్దున ఓనరు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చుని, మంచినీళ్లు తాగి, "బ్రేకు పడకపోతే డ్రైవరేటి సేస్తాడమ్మా? మనసులో ఎట్టుకోవద్దని సెప్పు. సోమవారంనుంచి బండెక్కమను," అన్నాడు.

"సెప్తాను," అంది దేముడమ్మ. కానీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం వార్తల్లో, ఎక్కడో వేరే రాష్ట్రంలో కొండదారిలో ఒక లారీ తిరగబడింది. చక్రాలు పైకి ఉన్నాయి. డ్రైవరు కాబోలు, ఒకతను తలమీద తువ్వాలు వేసుకుని రాళ్లమీద కూర్చున్నాడు. దేముడమ్మ బొటనవేలు మీటమీద ఉంది. నొక్కలేదు. కొంతసేపటికి రిమోటును నేలమీద పెట్టేసింది.

పైన పోలినాయుడు ఛానల్ మారుతుందని చూశాడు. మారలేదు. ఆ చక్రాలనే మళ్లీ మళ్లీ చూపించారు. అతను లేచి మెట్లు దిగి, ముందుగది గుమ్మంలో నిలబడ్డాడు.

"మార్సలేదేటి?" అన్నాడు. నాలుగు నెలల తర్వాత అతని గొంతు అతనిదిలా లేదు.

"ఎన్నాళ్లని మారుస్తాను మావా?"

అతను గుమ్మం పట్టుకున్నాడు. "బ్రేకు బాగానే ఉన్నాది. నాకు కునుకొచ్చీసింది. పొద్దుటేల యల్లాజి తోలతానన్నాడు. నేనే వద్దన్నాను. తిని పడుకోమన్నాను."

దేముడమ్మ టీవీవైపే చూస్తోంది. అందులో ఏదో సబ్బు ప్రకటన వస్తోంది.

"ఆడు నన్ను పిలిసేడా?" అంది.

"లేదు. నిద్దర్లోనే ఉన్నాడు. ఆడికేటీ తెలీదు."

"నిజవేనా?"

"నిజవే."

ఆమె నేలమీది రిమోటును పక్కకు జరిపి అంది, "ఓనరొచ్చి ఎల్లేడు. సోమవారం బండెక్కమన్నాడు."

"ఎక్కను. స్టేషన్‌కెల్లి సెప్పీస్తాను."

ఆమె వద్దనలేదు. "ఇప్పుడు పైకెల్లు. నేనింకేటీ మాటాడలేను," అంది. అతను పైకి వెళ్లి టీవీ కట్టేశాడు. ఆ తర్వాత ఆ టీవీని ఎవరూ వెయ్యలేదు.

పోలినాయుడు సోమవారం నాడు స్టేషన్‌కు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఓనరు మొహం మాడ్చుకుని, ఎవరూ అడగనిది చెప్పే మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. వీధిలో కొందరు అతన్ని పిచ్చివాడన్నారు. మరి కొందరు, అప్పుడే అనుకున్నామన్నారు. కేసు ఏడాది పైన నడిచింది. వాయిదా ఉన్న ప్రతిసారీ దేముడమ్మ అతనితో వెళ్లేది. బస్సులో ఆడవాళ్ల సీట్లో ఆమె, వెనక అతను. కోర్టు వరండాలో ఇద్దరూ ఒకే బల్లమీద, మధ్యలో చేతిసంచి పెట్టుకుని కూర్చునేవారట. ఇది మా గోడ కింద వీధిలో నిలబడి ఈశ్వర్రావు ఎవరితోనో చెబుతుంటే విన్నాను, అతను నోరు జారిన ఒకే ఒక్కసారి. ఆ ఏడాదంతా పోలినాయుడు పైనే పడుకున్నాడు. అన్నానికి మాత్రం దిగి వచ్చి అరుగుమీద తినేవాడు.

ఆరు నెలల శిక్ష పడింది. ఆ ఆరు నెలలూ పైగది తాళం తియ్యలేదు. కింద దేముడమ్మ టీవీ పెట్టడమే మానేసింది. నాలో ఏమీ నడవలేదు. అది బాధ అనను. ఖాళీ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది, అంతే.

విడుదలైన రోజున అతను సంచి పట్టుకుని వచ్చి, అలవాటుగా బయటి మెట్లవైపు నడిచాడు. రెండు మెట్లు ఎక్కాడు కూడా.

"అటు కాదు. ఇటు రా," అంది దేముడమ్మ లోపలినుంచి.

అతను కొంచెంసేపు ఆ మెట్టుమీదే నిలబడ్డాడు. తర్వాత దిగి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చాడు.

ఇప్పుడు అతను బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తున్నాడు. స్టీరింగు మళ్లీ పట్టలేదు. పైగదిలో ఎలకలు తిరుగుతున్నాయి. నన్ను బాక్సు వెనకనుంచి పీకేశారు గాని, గోడమీదినుంచి తియ్యాలని ఎవరికీ తోచలేదు. ఎండకు నా తొడుగు పగిలింది. మొన్నటి వానకు లోపలి రాగి కూడా పచ్చబడింది. ఒక కొన ముందుగదిలో బీరువా వెనక పడి ఉంది. ఇప్పుడు నాలోంచి టీవీ బొమ్మ పోదు, గదిలో మాట మాత్రం వినబడుతుంది. వాళ్లు ఎక్కువగా మాట్లాడుకోరు. ఉప్పుందా, తలుపేసేవా, అంతే.

నిన్న సాయంత్రం దేముడమ్మ కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. అతను గోడకానుకుని ఉన్నాడు.

"యల్లాజికి బెండకాయ పడదు," అంది ఆమె.

కత్తిపీట ఆగింది.

"పులుసెడితే తినీవోడు," అన్నాడు.

"అవును," అంది ఆమె. "పులుసైతే తినీవోడు."

మళ్లీ తరగడం మొదలుపెట్టింది.