నా కళ్ళూ, మా ఆయన పరువూ

చిన్నప్పుడు ఇంట్లో అందరూ నన్ను బండ అనేవారు. మెట్ల మీంచి పడి మోకాలు చీరుకుపోయినా కంట తడి పెట్టని పిల్లని ఇంకేమంటారు? అలాంటి నేను రోజూ కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నానని మా వాళ్ళంతా తీర్మానించేశారు. కారణం నా కళ్ళ చుట్టూ ఉన్న చర్మం. రెప్పల మీదా కళ్ళ కిందా తెల్లగా పొట్టు లేచేది. గీరితే ఎర్రబడేది, గీరకపోతే చిమచిమలాడేది. పొద్దున్నే మొహం కడుక్కుంటే రెప్పలు బిగుసుకుపోయి, కళ్ళు మూయడమే ఒక పనయ్యేది.

నేను నగల కొట్లో ఉంగరాల కౌంటరు దగ్గర నిలబడతాను. ఉంగరం నా వేలికే తొడిగి చూపిస్తాను. వచ్చినవాళ్ళు ఉంగరం వదిలేసి నా మొహం చూసి, "ఇంట్లో అంతా బాగానే ఉన్నారా అమ్మా?" అని అడిగేవారు. పెళ్ళి ఉంగరం కొనడానికి వచ్చిన ఒకమ్మాయి నన్ను చూసి ఆలోచనలో పడి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది.

ఎవరేం రాయమంటే అది రాశాను. నూనె, మీగడ, కలబంద, పక్కింటావిడ ఇచ్చిన క్రీము. కాటుక మానేశాను, సబ్బు మార్చాను, దిండు గలీబులు కూడా మార్చాను. కొన్ని పనిచెయ్యలేదు, మిగతావి ఇంకా మండించాయి.

అదంతా భరించాను. భరించలేనిది మా ఆయన అవస్థ. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మేం రోజూ పోట్లాడుకుంటాం. తడి తువ్వాలు కుర్చీ మీద వేసినందుకో, టీవీ రిమోటు కోసమో ఇల్లెగిరిపోయేలా అరుచుకుని, ఆ వెంటనే పక్కపక్కన కూర్చుని టీ తాగుతాం. మా కాపురంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. నన్నెందుకు ఏడిపిస్తున్నావని మా అక్క నిలదీయడం మొదలెట్టాక ఆయన నోరు పడిపోయింది. "నీ ఇష్టం", "నువ్వెలా అంటే అలా" తప్ప ఇంకో మాట లేదు. ఒకరోజు మెల్లగా, "నేను నిద్రలో నిన్నేమైనా అంటున్నానా?" అని అడిగాడు.

అక్క గోళ్ళకు రంగులు వేసే పార్లర్ నడుపుతుంది. నన్ను అమ్మకంటే ఎక్కువగా చూసుకుంటుంది. పదిమందీ చూసే చేతులు కదా అని, రెండు వారాలకోసారి తనే నా గోళ్ళు తీర్చి రంగు వేస్తుంది. వేస్తూ వేస్తూ గొంతు తగ్గించేది.

"నిజం చెప్పవే. చెయ్యి చేసుకుంటున్నాడా?"

"అయ్యో, లేదక్కా! చర్మం పొడిబారింది, అంతే."

"నాకా చెప్తావు? ఏడ్చిన కళ్ళు నాకు తెలీవా?"

కాదంటే జాలిపడేది, గట్టిగా కాదంటే ఇంకా జాలిపడేది. నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఇంతలో అక్క కొత్త డిజైన్లు నేర్చుకోవడానికి రెండు నెలలు వేరే ఊరు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ మా ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి, "నేను తిరిగొచ్చేసరికి దీని కళ్ళు బాగుండాలి, ఏమయ్యా!" అని వేలు చూపించింది. తను అలా వెళ్ళాక నా గోళ్ళ రంగు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. కళ్ళు నిజంగానే బాగయ్యాయి.

అక్క తిరిగొచ్చి నా మొహం చూసి మురిసిపోయింది. "చూశావా? నేను పెట్టిన చీవాట్లు బాగానే పనిచేశాయి!" మా ఆయన నేరం ఒప్పుకున్నవాడిలా తల దించుకున్నాడు. ఆ సంతోషంలో అక్క నా చేతులు లాక్కుని ఎర్రటి రంగు వేసింది. మూడోనాటికి రెప్పల మీద పొట్టు మళ్ళీ లేచింది.

"మళ్ళీ మొదలెట్టాడన్నమాట!" విషయం తెలియగానే ఫోన్లో అక్క ఒంటికాలి మీద లేచింది. "ఆదివారం అమ్మనీ బాబాయినీ తీసుకొస్తున్నా. నువ్వు బట్టలు సర్దుకో."

ఫోన్ పెట్టేసి అద్దం ముందు నిలబడ్డాను. దురద పుట్టి వేలు రెప్ప మీదకు పోయింది. అద్దంలో ఆ ఎర్రటి గోరు నా కంటిని ఆనుకుని కనబడింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మర్నాడే చర్మం డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నా వేళ్ళు చూసి తలాడించింది. గోళ్ళ రంగు కొందరికి పడదట. వేళ్ళ చర్మం మందం కాబట్టి తట్టుకుంటుందట. రెప్పల చర్మం పల్చన, మనకు తెలీకుండానే మాటిమాటికీ ముట్టుకుంటాం, అందుకే అక్కడ బయటపడుతుందట. రంగు తీసెయ్యమంది. ఇన్నాళ్ళూ రాస్తున్నవన్నీ ఆపేసి, వాసన లేని పెట్రోలియం జెల్లీ మాత్రం పల్చగా రాసుకోమంది. నాకు ఆస్పత్రి మెట్ల మీదే గంతులెయ్యాలనిపించింది.

మా ఆయన మాత్రం, "వదినకి చెప్పకు. బాధపడుతుంది. నన్ను అంటే అననీలే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మిమ్మల్ని ఇంకొక్క మాట అననివ్వను," అన్నాను.

ఆదివారం అమ్మ, బాబాయి, అక్క వరసగా సోఫాలో కూర్చున్నారు. "కూర్చో అల్లుడూ," అని బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆయన మొదలెట్టేలోపే నేను అక్క ముందు రెండు చేతులూ చాపాను.

"అక్కా, ముందు ఈ రంగు తీసెయ్. నీ చేత్తోనే."

విషయమంతా చెప్పాను. అక్క మొహం కందగడ్డయింది. "గోళ్ళకేసిన రంగు కళ్ళకెలా పాకుతుందే? మొగుణ్ణి వెనకేసుకు రావడానికి నా పని మీద పడతావా?"

"నెల్లాళ్ళు ఆగు. నా కళ్ళు బాగవకపోతే పెట్టె పట్టుకుని నేనే నీ వెంట వస్తాను. బాగైతే మాత్రం ఆయనకి క్షమాపణ చెప్పాలి."

బాబాయి సరేనన్నాడు. అక్క సంచిలోంచి దూదీ, రంగు తీసే మందు సీసా తీసి, పది గోళ్ళూ తుడిచేసింది.

మొదటి వారం ఏ మార్పూ లేదు. నాకు భయమేసింది. చర్మం మొండికేస్తే నా మాట ఇంకెవరు నమ్ముతారు? మా ఆయన పొద్దున్నే దొంగచూపుగా నా మొహం చూసి, ఏమీ అడక్కుండా పనికి పోయేవాడు. రెండో వారంలో మంట తగ్గింది. తర్వాత పొట్టు తగ్గింది. ఒక పొద్దున మొహం తుడుచుకుంటుంటే రెప్పలు మెత్తగా తగిలాయి. అద్దం ముందు కళ్ళు మూస్తూ తెరుస్తూ పిచ్చిదానిలా నవ్వాను.

నెల తిరగ్గానే ముగ్గురూ భోజనానికి వచ్చారు. అక్క నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్ళూ నేనే చేశానా ఇదంతా?"

"నువ్వు కాదక్కా. నీ రంగు."

అక్క మా ఆయన దగ్గరికి వెళ్ళింది. "తప్పయిపోయిందయ్యా. నోటికొచ్చినట్టల్లా అన్నాను."

"పర్లేదు వదినా," అన్నాడాయన, అదే మెత్తటి గొంతుతో. గెలిచాను, సరే. ఈ మనిషి ఇక ఇలాగే ఉండిపోతాడా?

భోజనాలకు కూర్చున్నాం. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు. అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"కూర మాడింది," అన్నాడు.

అందరి చేతులూ ఆగిపోయాయి.

"మాడిందా?" నేను గయ్యిమన్నాను. "అంత తెలిస్తే మీరే వండొచ్చుగా!"

"వండుతాను! నీకంటే నయంగానే వండుతాను!" ఆయన గొంతు పెరిగింది.

"ఏమయ్యా..." అని లేవబోయిన అక్క నా మొహం చూసి ఆగిపోయింది. నేను చెవుల దాకా నవ్వుతున్నాను.

"నువ్వు తినక్కా," అన్నాను. "మాకు చాలా పోట్లాటలు మిగిలిపోయాయి."

ఆయన విసురుగా లేచి గరిటె వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి కూడా అరుస్తూనే ఉన్నాడు. నేనూ ఏమాత్రం తగ్గలేదు.