మూడో చరణం

హరికథలా కీర్తన చెప్పేవాడు నిలబడే చోటు నారదుడిదని మా ఆళందిలో నమ్మకం. అక్కడ ఎవరు నిలబడ్డా, చివర్లో వాళ్ళ కాళ్ళకు గురువు కూడా మొక్కాల్సిందే. ఆ చోటికి రెండడుగుల వెనక నిలబడి నేను పద్నాలుగేళ్ళుగా తాళాలు వాయిస్తున్నాను.

మా గురువు బాజీబువాకు ఎనభై దాటాయి, గొంతు పోయింది. ఈసారి సప్తాహం చివరి రోజు కీర్తన ఎవరిదైతే, ఆయన తర్వాత శిష్యులకు గురువు వాళ్ళేనని అందరికీ తెలుసు. అది నాదేనని నాకు తెలుసు. ఆయన శేవంత పేరు చెప్పారు.

శేవంత చెరకు కొట్టే కూలీల ఇంటి పిల్ల. వచ్చి నాలుగేళ్ళు కాలేదు. ఆమెకు అభంగాలు, కీర్తనలో పాడే ఆ భక్తిపాటలన్నీ, నేర్పింది నేనే. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు; ఆ కొమ్ములకు నూనె రాసింది కూడా నేనే. అందరి ముందూ మాత్రం "చాలా మంచి మాట" అన్నాను. ఇంటికొచ్చి జొన్నరొట్టె ముందు కూర్చున్నాను. మా ఆవిడ నా మొహం చూసి పాలగిన్నె అవతలికి జరిపింది, విరిగిపోతాయని.

సప్తాహం చివరి రోజు మండపం నిండిపోయింది. శేవంత బాగా చెప్పింది. అదే నా ఏడుపు. ముసలమ్మలు కళ్ళొత్తుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది. కానీ ఒక సంగతి నాకే తెలుసు. ఆ రోజు ఎత్తుకున్న అభంగంలో మూడో చరణం దగ్గర ఆమె ఎప్పుడూ తప్పుతుంది. పాఠంలో ప్రతిసారీ నేనే అందించేవాణ్ణి. కీర్తనలోనూ మాట అందించాల్సింది వెనక నిలబడ్డవాళ్ళే, పెద్దవాణ్ణి నేనుండగా మిగతావాళ్ళు ముందు నోరు తెరవరు.

రెండో చరణం అయింది. మూడోది రాలేదు. ఆమె తల తిప్పి నా వైపు చూసింది. చరణం నా నాలుక మీదే ఉంది. నేను తాళాల తాడు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

శేవంత జనం వైపు తిరిగి, మర్చిపోయాను, మీరే చెప్పండమ్మా అంది. అందరూ నవ్వారు. ముందు వరసలో ఒక ముసలమ్మ ఎత్తుకుంది, తర్వాత మండపమంతా అందుకుంది. అంతమందిలో నోరు మూసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కీర్తన ముగిశాక బాజీబువా, రేపటి నుంచి పాఠం శేవంతదే అన్నారు. కర్ర పక్కన పెట్టి ముందు తనే ఆమె కాళ్ళకు మొక్కారు. తర్వాతి వంతు నాది. వంగక తప్పలేదు. మొక్కినవాళ్ళకు తిరిగి మొక్కడం మా ఆచారం కాబట్టి ఆమె కూడా వంగింది. ఇద్దరి తలలూ దగ్గరికొచ్చాయి.

"మూడో చరణం రాకముందే నీ తాళం ఆగిపోయింది, సోపానన్నా," అంది మెల్లగా. "రేపు ఇంకోసారి చెప్పించు. నాకింకా రాలేదు."

ఆ మాట చెప్పేటప్పుడు భుజం మీద చీరకు తగిలించిన చిన్న మైకును అరచేత్తో గట్టిగా మూసుకుంది. ఆమె చోట నేనుంటే మూసేవాణ్ణి కాదు. అది తెలిశాక, పద్నాలుగేళ్ళలో ఎన్నడూ పడనంత అసూయ పడ్డాను.