కంపెనీ జేబు

“ఆ జేబు ఊడదీసెయ్,” అన్నాడు మేనేజరు, కత్తెర కొత్తామె చేతిలో పెడుతూ.

సంచులు కుట్టే గోదాములో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె వచ్చి ఏళ్లు గడిచాయి, తర్వాత బోలెడుమంది వచ్చారు, అయినా ఆ పిలుపు మాత్రం పాతబడలేదు. అందరూ పొట్ట చేతపట్టుకుని తలో చోటి నుంచి వచ్చినవాళ్లే. పగలంతా పక్కపక్కన కూర్చుంటారు, పని కాగానే కంపెనీ ఇచ్చిన రేకుల గదుల్లో ఎవరి గదిలోకి వాళ్లు దూరతారు. గోదాములో బస్తాల దొంతర మీద పడి ఆమె భర్త చనిపోయినప్పుడు కూడా వాకిట్లో కాసేపు నిలబడి వెళ్లిపోయారు. “అతను మా దగ్గర పని చెయ్యనే లేదు,” అని కంపెనీ చేతులు దులుపుకుంది. ఆమె ఒక్కతే వండుకుంది, ఒక్కతే తింది. రెండో కంచాన్ని మాత్రం రోజూ కడిగి బోర్లిస్తూనే ఉంది.

అప్పుడొచ్చింది బొమ్మల టీచరు. కంపెనీయే పిలిపించింది.

“మీ పాత బట్టల్లోంచి తలా ఒక ముక్క తెండి. అందరం కలిసి ఒక బొంత కుడదాం. కొత్త ఆఫీసు గోడకి వేలాడదీస్తారు. ఇది మీ అందరి ఇల్లని చూసినవాళ్లకి తెలియాలి,” అంది.

ఇల్లనగానే కొందరు నవ్వారు. అయినా తెచ్చారు. ఒకామె ఊళ్లో వదిలొచ్చిన కూతురి గౌను తెచ్చింది. బస్తాలు మోసే తాత తువాలు తెచ్చాడు. కొత్తామె భర్త పనిచొక్కా జేబు తెచ్చింది. దాని మీద కంపెనీ గుర్తు ఉంది. “ఎవరిదమ్మా?” అని పక్కనున్న గౌను తల్లి అడిగింది. అతని గురించి ఒకరు అడగడం అదే మొదలు. కుట్టినంతసేపూ ఆమె చెబుతూనే ఉంది.

ఇప్పుడు ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లు వచ్చే వేళకి మేనేజరు కళ్లు గోడకెక్కిన బొంతలో ఆ జేబు మీద పడ్డాయి.

“తీస్తే నీ పని ఉంటుంది. లేదా గది ఖాళీ చెయ్.”

గది పోతే ఎక్కడికి పోవాలి? కొత్తామె జేబు కుట్టు వెతికింది. అవి సంచులు కుట్టే చేతులు మరి. బస్తా మూతి బిగించినట్టు ఒకరి అంచును ఇంకొకరి కుట్టులో మడిచి లాగేశారు. అందం చెడిందని టీచరు అప్పుడే మొత్తుకుంది. జేబు రావాలంటే తువాలు కొయ్యాలి, గౌను కొయ్యాలి.

“తీస్తే అందరిదీ చిరిగిపోతుంది సార్.”

“చిరగనీ.”

ఆ మాట అందరూ విన్నారు.

“చిరగనీ అంటావేంటయ్యా? అది నా పిల్ల గౌను!” గౌను తల్లి లేచింది.

“వాడు పడినప్పుడు బస్తాలు లాగింది నేనే,” అన్నాడు తాత. “ఇక్కడ పని చెయ్యకపోతే మా బస్తాల కింద ఎలా చచ్చాడు? చెప్పు!”

“బొంత వాళ్లది సార్,” అంది టీచరు చిన్నగా.

అందరూ కలిసి బొంతను గోడ మీంచి దింపారు, తలల మీద మోసుకుని గేటు దాటించారు. పోలీసులు రానే వచ్చారు. కత్తెర కొత్తామె చేతిలోనే ఉంది కాబట్టి ఆమెనే వ్యాన్ ఎక్కించారు.

వ్యాన్ కిటికీ జాలీలోంచి చూసింది. రోడ్డు మీద బొంత చుట్టూ అందరూ కూర్చున్నారు. గౌను తల్లి తన పనిచొక్కా జేబు పర్రున చింపి, అతని జేబు పక్కన పెట్టి సూది ఎక్కించింది. తాత చింపాడు. తర్వాత వరసగా అందరూ.

వ్యాన్ కదిలింది.

“వదినా! భయపడకు! నీ గుమ్మంలో మేం కూర్చుంటాం. ఎవడు ఖాళీ చేయిస్తాడో చూస్తాం!” అని అరిచింది గౌను తల్లి.

ఎవరిని పిలుస్తోందోనని కొత్తామె పక్కకి తిరిగి చూసింది. వ్యాన్‌లో ఇంకెవరూ లేరు.