పందొమ్మిది యూనిట్లు

పొద్దున నా పనుల్లో కారు ఛార్జింగ్ వైరు తీసి చుట్టడం నాలుగోది. పాలు, టిఫిన్ డబ్బాలు, అత్తయ్య మాత్రలు, ఆ తర్వాత వైరు. నేను చుడుతుంటే మా ఆయన కార్లో కూర్చుని స్క్రీన్ మీద అంకె చూస్తారు. లోపలికి వెళ్ళి ఫ్రిజ్‌కి అంటించిన కాగితం మీద రాస్తారు. వంద కిలోమీటర్లకి ఎన్ని యూనిట్ల కరెంటు అయిందన్నది ఆ లెక్క. మొదటి గడి, కారు అద్దం మీద వచ్చిన ప్రభుత్వ స్టిక్కరుది: పదిహేను. రెండోది ఆయన నడిపినప్పటిది: పదహారు. మూడోది నాది: పందొమ్మిది.

మొన్న మరిది వస్తే ఆ కాగితం చూపించారు. "మీ వదిన కాలు పెడితే చాలు, బ్యాటరీకి దడ," అన్నారు.

"ఆ కాలుని వంటింట్లోనే ఉంచండి వదినా," అన్నాడు మరిది. అత్తయ్య నవ్వారు. నేనూ నవ్వాను. అదీ ఇంటిపనే.

ఆ పదిహేను తెచ్చింది నేనే. కార్లని పరీక్షించే చోట నాది డ్రైవరు ఉద్యోగం. చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయి, కారు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎదురుగా తెర మీద ఒక గీత వెళుతూ ఉంటుంది. నా వేగం ఆ గీతని వదలకూడదు. అరగంటలో ఇరవైమూడు కిలోమీటర్లు. బ్యాటరీ అయిపోయేదాకా మళ్ళీ అదే అరగంట, మళ్ళీ అదే. ముందు ఫ్యాను, ఫ్యాను వెనక గోడ. మూడో అరగంటకి ఆ గోడ పలచబడుతుంది. ఫ్యాను గాలిలో ఉప్పు తగులుతుంది. గీత పైకి పోతే నేను కొండ ఎక్కుతాను, కిందికి వస్తే మలుపు అవతల సముద్రం ఉంటుంది. పక్క సీట్లో ఎవరూ ఉండరు. నీళ్ళ సీసా ఏదని, కిటికీ వెయ్యమని ఎవరూ అనరు. అంత దూరం పోయినా కాలు గీత దాటదు.

దిగాక కారుని ఛార్జింగ్‌కి పెట్టి గోడ దగ్గర మీటరు చూస్తాం. బ్యాటరీకి చేరింది కాదు, గోడ ఇచ్చింది రాస్తాం. మధ్యలో వేడిగా పోయింది కూడా లెక్కలోకి వస్తుందని ఇంజినీరు మొదటిరోజే చెప్పాడు. ఆ సాయంత్రం బస్సులో ఆ మాటే ఆలోచిస్తూ కూర్చుని, మా స్టాపు దాటి రెండు స్టాపులు పోయాక దిగాను.

"ఆ స్టిక్కరు మీదున్నది నేను నడిపిందేనండీ," అని ఒకసారి మా ఆయనకి చెప్పాను.

"గోడ ముందు ఎవరైనా నడుపుతారు," అన్నారు.

ఈ వారం ఇంజినీరు పిలిచాడు. "మేడమ్, రోడ్డు పరీక్షకి ఒకరు కావాలి. సోమవారం నుంచి మూడు వారాలు, సముద్రం పక్క రోడ్డు. మీ అంత నిలకడగా గీతని పట్టుకునేవాళ్ళు ఇక్కడ లేరు. శుక్రవారంలోగా చెప్పండి."

ఇంట్లో చెప్పాను. "పందొమ్మిది యూనిట్ల డ్రైవరుకా?" అన్నారు మా ఆయన. "మరి అమ్మనీ పిల్లల్నీ ఎవరు తీసుకెళ్తారు?" అన్నారు. అసలు ప్రశ్న ఆ రెండోది.

ఇవాళ శుక్రవారం. వైరు చుట్టి లోపలికి వచ్చి ఫ్రిజ్ మీద కాగితం ఊడదీశాను. మా ఆఫీసులో ఉత్త అంకె రాస్తే రిపోర్టు వెనక్కి వస్తుంది. ఎంత బరువు, ఎంత ఎండ, ఏసీ ఉందా లేదా, అన్నీ పక్కన ఉండాలి. పెన్ను తీసుకున్నాను. స్టిక్కరు పక్కన: ఒక మనిషి, ఇరవైమూడు డిగ్రీలు, ఏసీ లేదు. ఆయన పక్కన: ఒక మనిషి, సెలవు రోజు సాయంత్రం, స్నేహితుడి ఇల్లు, ఏసీ లేదు. నా పక్కన: ఇద్దరు పిల్లలు, రెండు స్కూళ్ళు. అత్తయ్య, మోకాళ్ళ డాక్టరు, పార్కింగ్‌లో నలభై నిమిషాలు ఏసీ. గ్యాస్ బండ. సరుకులు. మరిచిపోయిన లెక్కల పుస్తకం కోసం మళ్ళీ ఇంటికి. చోటు చాలక కాగితం తిప్పి రాశాను. ఇంజినీరుకి ఫోన్ చేసి నా పేరు రాసుకోమన్నాను.

మా ఆయన వచ్చి కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏంటిదంతా?"

"పరీక్ష ఎలా జరిగిందో రాశాను."

కారు తాళం కొక్కేనికి తగిలించాను.

"నాకు ఆఫీసు వాళ్ళ కారుంది," అన్నాను. "సోమవారం నుంచి ఆ పందొమ్మిది మీరు నడపండి."