పదిహేడో నంబరు బిళ్ళ

మునిస్వామి పోయి ఎనిమిది నెలలైనా, అతని ఇత్తడి బిళ్ళను పనిముట్ల బోర్డు మీంచి తీసే ధైర్యం హ్యాంగర్‌లో ఎవరికీ లేకపోయింది. పదిహేడో నంబరు. బోర్డు మూలన ఏ పనిముట్టూ తగిలించని మేకుకు అలా వేలాడుతూనే ఉంది. ఆయుధపూజ నాడు ఎవరో దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో పద్ధతి ఒకటే. బోర్డు మీంచి ఏ పనిముట్టు తీసినా దాని చోట మన బిళ్ళ తగిలించాలి. పనయ్యాక పనిముట్టు పెట్టేసి బిళ్ళ తీసుకోవాలి. ఒక్క బిళ్ళ మిగిలినా, విమానం కడుపులో ఏదో ఉండిపోయిందని లెక్క.

మధ్యాహ్నం మూడింటికి బోర్డు ముందుకొచ్చిన మార్త కొయ్యబారిపోయింది. ఇరుకు సందుల్లోకి చూసే తనిఖీ అద్దం ఉండాల్సిన చోట పదిహేడో నంబరు బిళ్ళ వేలాడుతోంది. మూలన మేకు ఖాళీ.

విమానం ఎగరవచ్చని సంతకం పెట్టాల్సిన ఇంజినీరు మార్తే. సాయంత్రం ఆరింటికి అందులో నూట ఎనభై మంది ఎక్కుతారు.

"ఎవరో ఆటకి మార్చుంటారు మేడమ్," అన్నాడు పనుల ప్లాన్ చూసే అభిజిత్, టాబ్‌లోంచి తలెత్తకుండానే. "సిస్టమ్‌లో ఆ మిర్రర్ ఎవరూ తీసుకోలేదు. టాస్కులన్నీ క్లోజ్. మీ సైన్ ఒక్కటే పెండింగ్."

సిస్టమ్‌లో ఎందుకుంటుంది? పొద్దున ఆ అద్దం తీసింది మార్త. ఇంజినీరమ్మకు బిళ్ళ తగిలించడం, తీసినట్టు సిస్టమ్‌లో ఎక్కించడం నామోషీ కదా! ఆమె బిళ్ళ ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. అద్దం పట్టుకుని తోక భాగంలోకి దూరింది, ఇంతలో ఫోనొచ్చింది. తర్వాత అద్దం ఏమైందో గుర్తు రాలేదు.

మునిస్వామి ఉన్నన్నాళ్ళూ ఆమె వెనకే వచ్చి తన బిళ్ళ తగిలించేవాడు. "బోర్డు అట్ల ఖాళీగా ఉండకూడదమ్మా. మీది లేకుంటే ఏమి, నాది ఉండాది కదా," అనేవాడు. ఆమె ఏనాడూ వద్దనలేదు. పని తేలికవుతుంటే ఎవరు వద్దంటారు! అలాగే ఒకరోజు ఆమె తీసుకెళ్ళిన టార్చిలైటు రెక్కలో ఉండిపోయింది. బోర్డు మీద అతని బిళ్ళ కనిపించినా, ముసలాయన ఇంకా వాడుతున్నాడేమోలే అని ఆమె సంతకం పెట్టేసింది. విమానం వేరే ఊళ్ళో దిగాక అక్కడ టార్చి దొరికింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

విచారణలో బిళ్ళ నంబరు పదిహేడని తేలింది. మునిస్వామి ఒక్కసారి ఆమె వైపు చూశాడు. ఆమె నేలచూపులు చూసింది. అతని ఉద్యోగం పోయింది. మూడు వారాలకు హూడిలో తన ఇంట్లోనే అతని గుండె ఆగింది. మార్త పూలదండ పట్టుకుని మరీ వెళ్ళింది, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళిందో గానీ.

"నర్సింహులూ, ఈ బిళ్ళ నువ్వు పెట్టావా?" టెక్నీషియన్‌ను అడిగింది.

"నేనెందుకు ముడతా మేడమ్ దాన్ని? పొద్దున మీరు అద్దం తీస్కపోయినంక చూసిన. అప్పటికే ఉన్నది. మీరే పెట్టిన్రేమో అనుకున్న."

మార్త బిళ్ళ వైపు చాచిన చేయి వెనక్కి తీసుకుంది. వెనక్కి తిరిగి చూడాలంటే భయం వేసింది.

"విమానం ఆపండి," అంది.

"మేడమ్! డిలేకి రీజన్ ఏం రాయను?"

"నా పేరు రాయి."

తోకలోకి తనే దూరింది. ఇరవై నిమిషాలు వెతికితే దొరికింది. తోక రెక్కను కదిలించే తీగ పక్కన ఇరుక్కుని ఉంది అద్దం. గాల్లో ఆ తీగ బిగుసుకుంటే ఏమయ్యేదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అద్దంలో తన ముఖం చూడలేక దాన్ని బోర్లించి పట్టుకుని దిగింది.

అద్దాన్ని దాని చోట పెట్టి పదిహేడో నంబరు బిళ్ళ తీసింది. ఏసీ గాలికి బోర్డంతా చల్లగా ఉంది. బిళ్ళ మాత్రం అప్పుడే ఎవరి జేబులోంచో తీసినట్టు వెచ్చగా ఉంది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

అభిజిత్ టాబ్ పట్టుకుని వచ్చాడు. "మేడమ్, రిపోర్ట్ ఫిల్ చేయాలి. టూల్ ఎవరు తీశారు?"

"నేను."

అతను టైప్ చేసి వెళ్ళబోయాడు.

"ఆగు," అంది మార్త. "ఇంకో రిపోర్ట్ తెరువు. పాతది. ఆ టార్చిలైటు తీసింది కూడా నేనే."